వరసగా నాటిన రాళ్ళు

సంతోషకుమారికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఏదో ఒకరోజు ఎవరో వచ్చి, ఇక ఈ గది ఖాళీ చెయ్యమంటారని.

వెంచరులో ప్లాట్లు అమ్ముడుపోకపోతే కంపెనీ మూసేస్తారు, గది పోతుంది. అన్నీ అమ్ముడుపోతే కొన్నవాళ్ళు ఇళ్ళు కట్టుకుంటారు, కాపలా మనిషితో పనుండదు, అప్పుడూ గది పోతుంది. అందుకే పొద్దున లేచి ప్రార్థన చేసుకునేటప్పుడు ‘ప్రభువా’ అన్నాక ఆమె కాసేపు ఆగిపోతుంది. ప్లాట్లు అమ్ముడుపోవాలని అడగాలా, వద్దని అడగాలా? ఎటూ తేలక, పిల్లకు జ్వరం రాకుండా చూడమని మాత్రం అడిగి లేచిపోతుంది.

ఆ ఆదివారం కూడా అలాగే లేచి, నైటీ మీద తువ్వాలు కప్పుకుని, ఆర్చి కింద ఊడుస్తోంది.

చిలకలూరిపేట దాటి మార్టూరు వైపు వెళ్తుంటే హైవేకి కాస్త లోపలగా, పత్తి చేల మధ్య ఉంటుంది ఆ వెంచరు. ఆర్చికి ఉన్న రెండు కాళ్ళలో ఎడమకాలికి ఆనించి కట్టినదే వాళ్ళ గది. మొదట్లో అది కంపెనీ ఆఫీసు. గోడకు ఈతకొలను బొమ్మ ఒకటి అంటించి ఉంది. నీలం నీళ్ళలో రబ్బరు చక్రం వేసుకున్న పాప. ఆ కొలను ఇక్కడే కడతామన్నారు. కట్టలేదు. సంతోషకుమారి కూతురు, మూడేళ్ళ ఆరాధన మాత్రం ఆ బొమ్మలోని పాపకు రోజూ అన్నం పెట్టబోతుంది. గోడమీద ఆ పాప మూతి దగ్గర పప్పు మరకలు.

సంతోషకుమారి పదో తరగతి పరీక్షలు రాయకుండానే పెళ్ళి చేశారు. మొగుడు రాము మార్టూరులో గ్రానైటు పాలిష్ యూనిట్లో పని. శనివారం రాత్రి వచ్చి సోమవారం పొద్దున వెళ్తాడు. ఈ వారం లోడింగు ఉందని రాలేదు. వెంచరులో ఆమె పని గడ్డి పీకడం, రోడ్ల పక్కన మొక్కలకు నీళ్ళు పెట్టడం, ఏడాదికోసారి ప్లాట్ల హద్దురాళ్ళకు తెల్ల సున్నం కొట్టి నంబర్లు నీలిరంగుతో దిద్దడం. ఆ ఆఖరి పనంటే ఆమెకు ఇష్టం. బడిలో ఆమె చేతిరాతకు మంచి పేరుండేది. రాళ్ళు కూడా సన్నవే, మార్టూరులో పలకలు కోయగా మిగిలిన ముక్కలు. ఒక ఆడమనిషి ఊపి లాగితే వచ్చేస్తాయి.

అలా వచ్చేయడమే ఇప్పుడు ప్రాణం మీదికొచ్చింది.

చీపురు పక్కన పడేసి, రోడ్డు దిగి, వరసల మధ్య నిలబడి చూసింది. రాళ్ళన్నీ చక్కగా, తాడు కట్టినట్టు తిన్నగా ఉన్నాయి. ఇంతకుముందెప్పుడూ ఇంత అందంగా లేవు. కానీ పన్నెండు పక్కన డెబ్భై ఒకటి. దాని పక్కన ఆరు. ఆరు పక్కన మళ్ళీ ముప్ఫై. సున్నం మీద తాను దిద్దిన అంకెలే తనను చూసి వెక్కిరిస్తున్నట్టున్నాయి.

జరిగింది ఇదీ. వెంచరు రోడ్ల మీద మిరపకాయలు ఆరబెట్టుకోవడం రెండేళ్ళుగా అలవాటైపోయింది. చుట్టుపక్కల రైతులకు అంత చదునైన కల్లం ఇంకెక్కడా లేదు. కార్లు తిరగాల్సిన రోడ్లు ఫిబ్రవరి నుంచి ఎర్రగా పరుచుకుని ఉంటాయి. ఈ ఏడు మిర్చి యార్డులో రేటు లేదు, కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదు. కాయలు ఎండిపోయినా, వాటిని పోసిన రైతు అష్రఫ్ తీసుకెళ్ళలేదు. ప్లాట్లూ కదల్లేదు, మిరపకాయలూ కదల్లేదు, రెండూ ఒకే ఎండకు పడున్నాయి.

గురువారం మధ్యాహ్నం వాడరేవు సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. గాలి లేచి కుప్పల మీద కప్పిన పట్టాలు తెరచాపల్లాగా ఎగిరాయి. తొడిమలు తీసే ఆడవాళ్ళు కొంగులు బిగించి పరుగెత్తారు. పట్టా అంచుల మీద బరువు పెట్టాలి. నల్లరేగడి నేల. ఎంత వెతికినా గులకరాయి దొరకదు.

"రాళ్ళు! రాళ్ళు తెండే!" అని అష్రఫ్ గొంతు చించుకుని అరిచాడు. ఆ కాయలు తడిస్తే అతని ఏడాది బతుకు బూజు పట్టిపోతుంది.

మొదటి రాయి పీకింది సంతోషకుమారే. ఎందుకు పీకిందో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియదు. చేతికి దగ్గరగా ఉంది, పీకేసింది. ఆమెను చూసి అందరూ పీకారు.

కాయలు తడవలేదు. శనివారం ఎండ కాశాక, మళ్ళీ పాతేద్దాం, ఎంతసేపు అని ఆడవాళ్ళంతా దిగారు. తీరా చూస్తే గుంటలు లేవు. రేగడి మన్ను తడికి ఉబ్బి నోళ్ళన్నీ మూసేసుకుంది. అప్పుడు వాళ్ళు తమకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టారు. మిరప నారు నాటే తాడు తెచ్చి ఈ చివర నుంచి ఆ చివరకు లాగి పట్టుకున్నారు. మనిషికో వరస. చంకలో రాళ్ళు, చేతిలో గునపం. వంగి ఒకటి నాటడం, పాదంతో తొక్కడం, జరగడం.

"ఈ నారుకి నీళ్ళు పెట్టే పన్లేదే!" అంది ఒకామె.

"కాపుకొచ్చేసరికి మనవరాళ్ళు ముసలమ్మలవుతారే!" అంది ఇంకొకామె.

నవ్వుకుంటూ పొద్దు వాలేలోగా మొత్తం నాటేశారు. పిల్లకు అన్నం పెట్టి, నిద్రపుచ్చి వచ్చిన సంతోషకుమారి చూసేసరికి, చేతికి ఏది వస్తే అది, వరసగా, ఎడం సమానంగా, ముచ్చటగా నాటి ఉంది.

ఇవాళేమో ఈ ప్లాట్లు అమ్మిపెట్టే పానకాలు గారు కొనే పార్టీని తీసుకొస్తున్నారు. అదీ ఆయన పెద్దమ్మ పేరమ్మగారి ప్లాటు కోసం. నంబరు నలభై ఏడు. చాలా కాలానికి దొరికిన ఒక్క పార్టీ. "ఒక్కళ్ళన్నా దొరికారమ్మాయ్. ఈ ఒక్కటి అయిపోతే మా పెద్దమ్మ మొహం చూడగలుగుతా," అని శుక్రవారం ఫోన్లో ఆయన అన్నప్పుడు ఆమె ఊఁ కొట్టింది. రాళ్ళ సంగతి చెప్పలేదు. శనివారం సరిగ్గా పెట్టేస్తాంగా అనుకుంది.

నలభై ఏడు ఎక్కడుందో వెతికింది. పెద్ద రోడ్డు మీద, పార్కుకు ఎదురుగా, తూర్పు ముఖంగా, మొత్తం వెంచరులో అందరూ అడిగే మూల స్థలంలో నిలబడి ఉంది.

నలభై ఏడు మూల స్థలం కాదని మాత్రం ఆమెకు తెలుసు. మరి ఎక్కడుండాలి? మధ్యలో ఎక్కడో. ఈ పక్కా, ఆ పక్కా? నిరుడు రంగు వేసినప్పుడు దాని పక్కన కూర్చుని పిల్లకు పాలు పట్టిన గుర్తు. అప్పుడు ఎండ వీపు మీద ఉంది. కానీ పొద్దునా, సాయంత్రమా?

చీర కట్టుకుని, పిల్లను చంకనేసుకుని అష్రఫ్ దగ్గరకు పరుగెత్తింది. అతను కుప్ప మీద కూర్చుని తాలు కాయలు ఏరుతున్నాడు.

"అన్నా, ఆర్చి పక్కన బోర్డు మీద ప్లాట్ల పటం ఉండేదిగా, ఫ్లెక్సీ. గాలికి చిరిగితే నువ్వు తీసుకెళ్ళావు. ఏదది?"

అష్రఫ్ తల గోక్కున్నాడు. వెళ్ళి ఒక కుప్ప మీద నుంచి ఫ్లెక్సీ లాగి తిరగేశాడు. ఈతకొలను, కంపెనీ వాళ్ళ నవ్వుమొహాలు, ఫోన్ నంబరు. అక్కడితో కోసేసి ఉంది.

"మిగతా సగం?"

"మా బామ్మర్ది గేదెల కొట్టం మీద కప్పాం చెల్లెమ్మా. ఎండకి అంతా ఎప్పుడో తెల్లగా అయిపోయింది. ఇప్పుడది పటం కాదు, ఒట్టి పట్టా." ఆమె మొహం చూసి అతను గొంతు తగ్గించాడు. "పోనీ ఆఫీసుకి ఫోన్ చేసి అడగరాదూ?"

"ఎందుకని అడుగుతారు గదన్నా. రాళ్ళెందుకు పీకావంటారు. కాయలెవరివంటారు."

అష్రఫ్ ఫ్లెక్సీని మళ్ళీ కుప్ప మీదికి లాగాడు. రోడ్ల మీద కాయలు పోసుకోనిస్తున్నట్టు కంపెనీకి తెలియదు. "సాలు పోయి సాలు తిరిగినట్టు ఉంటాయేమో నంబర్లు. అటెళ్ళి ఇటొస్తాయి. అట్టా లెక్కేసి చూడు," అన్నాడు.

"బడిలో బెంచీల్లాగా అన్నీ ఒకవైపు నుంచే మొదలవుతాయేమో?"

"అట్టాగూ ఉండొచ్చు."

ఇద్దరూ నిలబడి రాళ్ళ వైపు చూశారు. అంతలో హైవే మీద బస్సు ఆగిన చప్పుడైంది.

పానకాలు గారు ముందు దిగి, చెయ్యందించి పేరమ్మగారిని దింపారు. ఆయన యాభై దాటిన సన్నటి మనిషి. తెల్లచొక్కా ఇస్త్రీ మడత చెడకుండా టక్ చేసుకుంటారు. బెల్టుకు కొత్తగా మేకుతో పొడిచిన రంధ్రం ఒకటి. జుట్టుకు వేసిన రంగు వెలిసి గోధుమ రంగులోకి తిరిగింది. మంగళగిరిలో మగ్గం నేసేవారు. ఇప్పటికీ ఎక్కడ కూర్చున్నా గుంటమగ్గంలో తొక్కుతున్నట్టు ఆయన కుడిపాదం ఆడుతూనే ఉంటుంది. రాజధాని మాట మొదలైన రోజుల్లో వీధిలో అందరూ భూముల గురించే మాట్లాడుకుంటుంటే ఈయనా ఇందులోకి వచ్చారు. అప్పట్లో ఆదివారమొస్తే ఈ ఆర్చి దగ్గర కార్లు బారులు తీరేవట. బిర్యానీ పొట్లాలు పంచేవాళ్ళట. సంతోషకుమారి వచ్చేసరికి అదంతా అయిపోయింది. ఆమె చూసింది బస్సు దిగి నడిచొచ్చే పానకాలు గారిని ఒక్కరినే. ఒక్కోసారి వెంట ఎవరూ ఉండరు. అయినా వస్తారు. వరసల మధ్య ఒకసారి తిరిగి, "మార్కెట్ నిద్రపోతోందమ్మాయ్, లేస్తుంది," అని చెప్పి వెళ్ళిపోతారు.

"ఏందమ్మాయ్, రాళ్ళన్నీ సర్దించావా? ఎంత బాగున్నై!" అన్నారు ఆర్చి దాటుతూనే.

ఆమె నోరు తెరిచింది. "బాబాయిగారూ, అదీ..." అనేలోపు వెనకే కారు హారన్ మోగింది.

మార్టూరులో గ్రానైటు వ్యాపారం చేసే ఆయనా, ఆయన భార్యా. కారు దిగుతూనే ఆవిడ తుమ్మింది. ఆ వెంటనే ఆయన. రోడ్డుకు ఆ పక్క ఆడవాళ్ళు కాయలు తిరగేస్తున్నారు. ఘాటు గాలి ఇటే వీస్తోంది.

"ఇది వెంచరా, మిరప యార్డా?" అన్నాడాయన కర్చీఫ్ ముక్కుకు పెట్టుకుని.

"లక్ష్మీదేవండి, ఎర్రగా పరుచుకుంది," అని నవ్వారు పానకాలు గారు. ఆయనకూ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

పేరమ్మగారు మాత్రం దగ్గలేదు, తుమ్మలేదు. చీరాల నేత చీర కొంగు తల చుట్టూ తిప్పుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టి, తన స్థలం ఎక్కడుందా అని చూస్తోంది. కొన్ననాడు కారులో వచ్చి చూసింది, మళ్ళీ ఇవాళే. చీరాలలో ఆవిడ మగ్గం కొట్టం కప్పు కుంగిపోయింది. పెద్ద వానలు మొదలయ్యేలోగా రేకులు వేయించకపోతే మగ్గం గుంటలోకి నీళ్ళొస్తాయి. మగ్గం ఆగిపోతుంది. అందుకని అమ్ముతోంది.

"ఏదిరా పానకాలూ నాది?"

"రా పెద్దమ్మా, చూపిస్తాను." ఆయన రాళ్ళ మీది అంకెలు చూస్తూ నడిచారు. పది అడుగులు వేశాక నడక నెమ్మదించింది. ఇంకో నాలుగు వేశాక ఆగిపోయారు. వెనక్కి తిరిగి సంతోషకుమారి వైపు చూశారు. ఆమె తల దించుకుని పిల్ల గౌను గుండీ పెట్టసాగింది. పెట్టే ఉన్న గుండీని విప్పి మళ్ళీ పెట్టింది.

అప్పటికే మార్టూరాయన ముందుకెళ్ళి మూల దగ్గర నిలబడ్డాడు.

"నలభై ఏడు అంటే ఇదే కదండీ? తూర్పు ముఖం. ఎదురుగా పార్కు. మీరు ఫోన్లో మధ్య ప్లాటు అన్నారే! కార్నర్ బిట్ అని చెప్పొద్దూ?" ఆయన మొహం విప్పారింది. భార్య కూడా కర్చీఫ్ తీసి చూసింది. "ఇక్కడ సింహద్వారం పెట్టొచ్చు," అంది.

పేరమ్మగారు వచ్చి రాతి మీద చెయ్యి వేసింది. తడి ఆరిన మన్ను దాని మొదట్లో ఇంకా మెత్తగా ఉంది. "ఇంత మంచి చోటా నాది! నేనింకా ఏ మూలో పడేశావనుకుని నిన్ను మనసులో తిట్టుకున్నాను గదరా," అంది. అని నవ్వింది. పై పళ్ళు రెండే ఉన్నాయి.

"అడ్వాన్సు ఇప్పుడే వేసేస్తాను. ఫోన్ నంబరు చెప్పమ్మా," అంటూ మార్టూరాయన ఫోన్ తీశాడు.

సంతోషకుమారి పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. ఒక్క మాట ఎవరూ అనకపోతే చాలు. ప్లాటు అమ్ముడుపోతుంది. ముసలామె కొట్టానికి రేకులొస్తాయి. పానకాలు గారు తల ఎత్తుకుంటారు. రాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. గది ఉంటుంది. ప్రభువా, అనుకుంది. ఈసారి ఏమడగాలో తెలిసినట్టే అనిపించింది. కానీ ఈ మూల స్థలం కొన్నవాళ్ళు కూడా ఎక్కడో ఉంటారు గదా? వాళ్ళూ ఒకరోజు వస్తారు గదా? ఏమని అడగాలి? మళ్ళీ ఆగిపోయింది.

పానకాలు గారు ఏదో అనబోయి దగ్గారు. చాలాసేపు దగ్గారు. దగ్గు తగ్గాక కళ్ళజోడు పైకెత్తి చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నారు.

"ఇది కాదండి," అన్నారు.

"ఏంటీ?"

"ఇది మా పెద్దమ్మది కాదండి. ఈ కార్నరు ఒంగోలు నర్సమ్మగారిది. ఆమెకీ నేనే ఇప్పించాను. కార్నరైతేనే కొంటానని పట్టుబట్టింది, అందుకని గుర్తుంది."

"మరి నలభై ఏడు ఏది?"

పానకాలు గారు వరసల వైపు చూశారు. అటు చివరి దాకా, మళ్ళీ ఇటు చివరి దాకా. "నాకూ తెలీదండి."

"అమ్మింది మీరే గదయ్యా!"

"అమ్మానండి. అప్పట్లో కారు డోరు దగ్గర నిలబడి చెయ్యి చాపి చూపించేవాణ్ణండి. అదిగో అక్కడ అంటే వాళ్ళూ అక్కడే చూసేవాళ్ళు. నేను దిగి ఆ ప్లాటు దాకా వెళ్ళి నిలబడింది లేదండి." ఆ మాట ఆయన ఎవరితోనో కాదు, తనతోనే చెప్పుకుంటున్నట్టుంది.

మార్టూరాయన మొహం ఎర్రబడింది. "ఈ నంబర్లేంటి ఇట్టా ఉన్నాయి? పన్నెండు పక్కన డెబ్భై ఒకటేంటి? ఎవరు పీకారు ఈ రాళ్ళు?"

సంతోషకుమారి చంకలో పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఆమె తనకు తెలియకుండానే దాని తొడ గట్టిగా నొక్కేసింది.

"నేనేనండి," అన్నారు పానకాలు గారు. "రంగు వేయిద్దామని పీకించాను. వర్షానికి గుంటలు పూడిపోయినై. ఈ అమ్మాయి వద్దంటూనే ఉంది, నేనే విన్లేదు."

"బాగుంది! చూస్తూ చూస్తూ ఇట్టాంటి చోట ఎవడన్నా డబ్బులు పెడతాడా? మీ ఆఫీసుతోనే మాట్లాడతాను."

"పదండి ముందు, కళ్ళు మండిపోతున్నాయి," అంది ఆయన భార్య. కారు మిరపకాయల అంచు తొక్కుకుంటూ తిరిగి వెళ్ళిపోయింది. టైర్ల గుర్తుల్లో గింజలు పసుపుగా బయటపడ్డాయి.

పేరమ్మగారు రాతి మీద చెయ్యి తీయలేదు.

"ఏరా, ఎక్కడో ఒకచోట ఉంది గదరా ఈ నేలలో?"

"ఉంది పెద్దమ్మా."

"ఎవరూ ఎత్తుకెళ్ళలేదుగా?"

"లేదు."

"మరి మొహం అట్టా పెడతావే? ఉన్నది ఎటు పోతుంది? ఈ ఏడాదికి కొట్టం మీద పట్టా కప్పుకుంటాలే." ఆవిడ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. "పద, ఇంటికి. చింతచిగురు పప్పు చేసి వచ్చాను. నువ్వు తిని ఎన్నాళ్ళైంది మా ఇంట్లో?"

ఆయన ఆవిడ వెంట రోడ్డు దాకా నడిచారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదేమో అనిపించింది సంతోషకుమారికి. ఏ తిట్టూ లేకుండా అలా చెయ్యి పట్టుకుంటే మనిషి ఎటు పోతాడు?

బస్సు వచ్చింది. "ఆఫీసు వాళ్ళతో ఒక మాట మాట్లాడి వెనక బస్సులో వస్తా పెద్దమ్మా," అని ఆవిణ్ణి ఎక్కించారు. ఆవిడ కిటికీలోంచి, "ఖాయంగా రావాల్రా, ఎదురుచూస్తుంటా," అంటూనే ఉంది. బస్సు కదిలిపోయింది.

ఆయన వచ్చి గది ముందు మెట్టు మీద కూర్చున్నారు. ఫోన్లో ఎవరితోనో మెల్లగా మాట్లాడారు. "అవునండి... నాదేనండి తప్పు... లేదండి, ఆ అమ్మాయికేం సంబంధం లేదు," అన్న మాటలు లోపలికి వినపడ్డాయి. ఫోన్ జేబులో పెట్టుకున్నారు. కుడిపాదం ఆడుతోంది.

సంతోషకుమారి గుమ్మంలో నిలబడింది. "బాబాయిగారూ, పీకింది నేను గదా. మీరెందుకట్టా చెప్పారు?"

"నువ్వని చెప్తే ఏమవుద్ది? రేపీపాటికి బిందెలూ చాపా రోడ్డు మీదుంటై. నీకీ గది తప్ప ఏముంది?"

"మీకు మాత్రం?"

"నాకేంటమ్మాయ్, మంగళగిరిలో వీధి వీధంతా నా చుట్టాలే. అందరికీ ప్లాట్లు నేనే ఇప్పించా," అని నవ్వారు. "అందుకే ఆ వీధిలోకి పోలేకుండా ఉన్నా." నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "నిజంగా ఒక్కళ్ళది కూడా ఏదో తెలీదే నాకు. రాళ్ళు కదలకుండా ఉన్నన్నాళ్ళూ తెలుసనే అనుకున్నా."

"ఇప్పుడీ రాళ్ళని ఏం చెయ్యమంటారు?"

"నన్నడక్కమ్మా," అన్నారు చాలా నెమ్మదిగా.

ఆరాధన వచ్చి ఆయన మోకాలు పట్టుకుంది. "నీ ప్లాటు ఏదే?" అని అడిగారు. పిల్ల వెనక్కి తిరిగి గోడ మీది ఈతకొలను చూపించింది. ఆయన ఆ బొమ్మను కాసేపు చూసి, "మంచి ఫేసింగు," అన్నారు.

కళ్ళు ఇంకా మండుతున్నాయంటూ లేచి కుళాయి దగ్గరకు వెళ్ళారు. దోసిళ్ళతో మొహాన నీళ్ళు కొట్టుకుంటున్నారు. ఎండ నడినెత్తి మీదుంది. ఆయనకు రెండు మెతుకులు పెడదామని ఆమె లోపలికి వెళ్ళి అన్నం వంచింది. నిన్నటి గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ తరిగి వేసింది. కంచం పట్టుకుని బయటికొచ్చేసరికి మెట్టు మీద ఎవరూ లేరు. కుళాయి దగ్గర తడి మాత్రం ఉంది. బస్సు వచ్చిన చప్పుడు ఆమె వినలేదు. వెనక బస్సుకే వెళ్ళారేమో, చీరాలలో పప్పన్నం తింటారేమో అనుకుంది. అలా అనుకుంటే మనసుకు బాగుంది. కంచంలో అన్నం పిల్లకు కలిపి పెట్టింది.

మధ్యాహ్నమంతా రాళ్ళ మధ్య తిరిగింది. ఒక రాయి పీకి, చేత్తో పట్టుకుని, ఎక్కడ పాతాలో తెలియక మళ్ళీ అక్కడే పాతింది. అష్రఫ్ కాయలు కుప్పలు చేయించి పట్టాలు కప్పాడు. ఇవాళ గాలి లేదు.

పొద్దు వాలుతుండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

"పానకాలు అక్కడ రాళ్ళన్నీ పీకించాడంటగా? నువ్వు చూస్తూ ఊరుకున్నావా? ఇకమీదట అతన్ని ఆర్చి దాటి లోపలికి రానీయకు. అర్థమైందా?"

నేనే పీకానండి అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. పిల్ల చాప మీద బోర్లా పడి నిద్రపోతోంది. జుట్టు చెమటకు మెడకంటుకుంది. గది రేకులు పగటి వేడికి టక్కుమని ఒకటి రెండుసార్లు చప్పుడు చేశాయి.

"సరేనండి," అంది సంతోషకుమారి.

ఫోన్ పెట్టిన వెంటనే మళ్ళీ మోగింది. పేరమ్మగారు. "అమ్మాయ్, మావాడు ఇంకా అక్కడే ఉన్నాడా? రాలేదేం? అన్నం చల్లారిపోతోంది."

పానకాలు గారి నంబరుకు చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేసింది. మళ్ళీ. పరుగెత్తి అష్రఫ్‌కు చెబితే అతను బండి తీసుకుని బస్సు స్టేజీ దాకా వెళ్ళొచ్చాడు.

"టీకొట్టాయన చూశాడంట చెల్లెమ్మా. చానాసేపు అక్కడే నిలబడ్డాడంట. వచ్చిన బస్సు వచ్చినట్టు దగ్గరికెళ్ళి, ఇదెక్కడికి పోద్దని పక్కనోళ్ళని అడిగాడంట. ఒంగోలుదీ పోయింది, గుంటూరుదీ పోయింది, చీరాలదీ పోయిందంట. ఆఖరికి ఏదెక్కాడో ఆయన చూళ్ళేదంట."

బోర్డు చదువుకోక, పక్కవాళ్ళను అడగడమెందుకో ఆమెకు అర్థం కాలేదు. చదువుకున్న మనిషేగా. కాళ్ళు కడుక్కుందామని కుళాయి దగ్గరకు వెళ్ళాక అర్థమైంది.

ఆయన ఇక వస్తే లోపలికి రానీయనని ఆమె ఒప్పుకుంది. రాకపోతే ఎక్కడున్నారో తెలియదు. రావాలని ప్రార్థించాలా? వస్తే ఏ మొహం పెట్టుకుని ఆర్చి దగ్గర ఆపాలి? ఆ కుళాయి గట్టు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ‘ప్రభువా’ అంది. అక్కడే ఆగిపోయింది.

మీలో ఎవరైనా చీరాల బస్టాండులోనో, ఒంగోలులోనో, మంగళగిరి మగ్గాల వీధుల్లోనో తిరిగేవాళ్ళుంటే కాస్త చూడండి. తెల్లచొక్కా టక్ చేసుకున్న సన్నటి మనిషి. ఒంటరిగా కూర్చుని ఉంటే, పానకాలు గారేనా అని పలకరించండి. అన్నం తిన్నారా అని అడగండి. వచ్చేది ఏ ఊరి బస్సని ఆయన అడిగితే విసుక్కోకుండా చదివి చెప్పండి. వీలైతే చీరాలదే ఎక్కించండి. కళ్ళజోడు లేకపోతే ఆయనకు బోర్డులు కనపడవు. అది ఇక్కడే ఉంది, కుళాయి గట్టు మీద, కాళ్ళు రెండూ మడిచి, అద్దాలు ఆకాశం వైపుకు పెట్టి. వాటి మీద మిరప దుమ్ము ఎర్రగా, సన్నగా.